ఎమ్మార్పీ మీద రెండో స్టిక్కరు ఎవరు అంటించారు? విజయవాడ బొమ్మల వ్యాపారులకు బహిరంగ లేఖ

వన్‌టౌన్ హోల్‌సేల్ వ్యాపారులకు, బీసెంట్ రోడ్డు, గవర్నర్‌పేట, పటమట ప్రాంతాల్లో బొమ్మల దుకాణాలు, ఫ్యాన్సీ షాపులు నడిపే యజమానులకు,

నమస్కారం. మీలో చాలామంది మాకు ఏళ్ల తరబడి తెలిసినవాళ్లు. పిల్లల పుట్టినరోజు నాడు చేతిలో డబ్బు లేకపోతే "రేపివ్వమ్మా" అని బొమ్మ చేతిలో పెట్టినవాళ్లూ ఉన్నారు. ఆ మర్యాద మనసులో పెట్టుకునే రాస్తున్నాను.

దసరా సెలవులకు ముందు కృష్ణలంక, రాణిగారితోట వైపు తల్లులం కొందరం సంతకాలు చేసి, పిల్లల బొమ్మల ధర, ఐఎస్ఐ ముద్ర, బిల్లుల విషయం మీద మీ వ్యాపార పెద్దలకు ఒక కాగితం ఇచ్చాం. తీసుకున్నారు, కూర్చోబెట్టి టీ కూడా ఇప్పించారు. "సీజన్ అయ్యాక మాట్లాడదాం" అన్నారు. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది, ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు క్రిస్మస్ వచ్చేసింది, దాని వెనకే సంక్రాంతి. మీ సీజన్ ఎప్పటికీ అవదు కాబట్టి నలుగురూ చదివేలా రాయాల్సి వచ్చింది.

నేను ఇంటి దగ్గరే మిషను పెట్టుకుని బ్లౌజులు, లంగాలు కుట్టుకునే మనిషిని. లైనింగ్ బ్లౌజు కుడితే రెండొందల యాభై వస్తాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లూ నాలాంటివాళ్లే. బట్టల షాపుల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలు, ఆటో డ్రైవర్ల ఇళ్లవాళ్లు, అపార్ట్‌మెంట్లలో పనికి వెళ్లేవాళ్లు. కొలతలిస్తూ చెప్పుకునే కబుర్లలో ఈ పండగలన్నిటా బొమ్మ మాట రాకుండా పోలేదు. కింద రాసినవి అలా విన్నవి, కళ్లారా చూసినవి, చట్టంలో ఉన్నవి. ఏ షాపు పేరూ రాయడం లేదు. ఒక పేరు రాస్తే మిగతావాళ్లందరూ హమ్మయ్య అనుకుంటారు.

ఈ ఏడాది మోజు పేరు లబూబు. కుందేలు చెవులు, కోర పళ్లు, ఒంటినిండా బొచ్చు. హాంకాంగ్‌లో పుట్టిన కాసింగ్ లుంగ్ అనే చిత్రకారుడు 2015లో గీసిన పిల్లల కథల్లోది ఇది. 2019 నుంచి పాప్ మార్ట్ అనే చైనా కంపెనీ బొమ్మగా చేసి అమ్ముతోంది. 2024లో లిసా అనే గాయని తన సంచికి తగిలించుకుని కనిపించాక ప్రపంచమంతా ఎగబడింది. 2025 మే నెలలో బ్రిటన్‌లో జనం క్యూలలో కొట్టుకుంటుంటే ఆ కంపెనీయే అక్కడి దుకాణాల్లో అమ్మకం ఆపేసింది. జూన్‌లో బీజింగ్‌లో మనిషెత్తు లబూబు ఒకటి వేలంలో 10 లక్షల యువాన్లు దాటింది. మన డబ్బులో కోటి రూపాయల పైమాటే.

ఈ పిచ్చి కొత్తదేం కాదు. అమెరికాలో 1983 క్రిస్మస్‌కు క్యాబేజ్ ప్యాచ్ బొమ్మల కోసం షాపుల్లో తొక్కుకున్నారు. 1996లో నవ్వే ఎల్మో, 1998లో ఫర్బీ. మన దగ్గరా చిప్స్ ప్యాకెట్లలో వచ్చిన టాజోలు, ఆ తర్వాత బేబ్లేడ్లు, 2017లో వేళ్ల మధ్య తిప్పే స్పిన్నర్లు, కరోనా రోజుల్లో టప్ టప్ మని నొక్కే పాప్-ఇట్లు. అవన్నీ ఇప్పుడు మంచాల కిందే ఉన్నాయి. మోజు మీరు పుట్టించలేదు, ఒప్పుకుంటాను. అది ఫోన్లో పుట్టి మా ఇంటికి నేరుగా వస్తోంది. కానీ ఆ బొమ్మ ఏ ధరకు, ఏ ముద్రతో, ఏ బిల్లుతో మా చేతికి రావాలో తేల్చేది మీరే. మా పేచీ అక్కడే.

1. ధర గురించి.

మా చెల్లెలు దసరాకు కూతురి కోసం ఒక పెట్టె కొన్నది. మీద 999 అని స్టిక్కరు. ఇంటికొచ్చాక దాని మూల లేచి ఉంటే పిల్ల గోటితో గీకింది. కింద అచ్చులో 399 ఉంది. ఆరొందలు తేడా. నా లెక్కలో చెప్పాలంటే రెండు బ్లౌజులు పూర్తిగా కుట్టి, మూడోదానికి చేతులు అతికించేదాకా. తీసుకెళ్లి అడిగితే కౌంటర్లో కుర్రాడు "నచ్చితే ఉంచుకోండి మేడం, ఇవాళ ఇదే రేటు" అన్నాడు.

ప్యాకెట్ సరుకుల నిబంధనలు 2011 నుంచి ఉన్నాయి. ఎమ్మార్పీ పెంచుతూ స్టిక్కరు వేయడానికి వీల్లేదు. తగ్గించడానికైతే వేయొచ్చు, అప్పుడు కూడా పాత ధర కనపడాలి. అచ్చేసిన ధర కంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా తప్పే. ఇవి మీకు నేను చెప్పాలా? పాల ప్యాకెట్ మీద రూపాయి ఎక్కువడిగితే గొడవపడే ఊరు మనది. బొమ్మ దగ్గరికొచ్చేసరికి పక్కన పిల్ల ఏడుస్తుంటుంది కాబట్టి ఏ తల్లీ గొడవ పడలేదు. మీ కౌంటర్లో కుర్రాడికి ఆ సంగతి బాగా తెలుసు.

2. "స్టాకు లేదు" అనే మాట గురించి.

పొద్దున లేదన్న సరుకే సాయంత్రానికి ఎవరో కుర్రాడి ఇన్‌స్టాగ్రామ్‌లో రెట్టింపు రేటుకు కనిపిస్తోంది, "విజయవాడలో ఉన్నవాళ్లకు బండి మీద తెచ్చిస్తాం" అని కూడా రాస్తున్నాడు. అట్టపెట్టెలకు అట్టపెట్టెలు ఒక్కడికే ఎవరు అమ్మారు? పదో తరగతి పాసయి ఖాళీగా ఉన్న కుర్రాడు నాలుగు డబ్బులు చూసుకుంటే నాకు కడుపుమంట లేదు. కానీ షాపులో వరసలో నిలబడ్డ ఆటో డ్రైవరుకు ఒకటి కూడా లేదని చెప్పి, వెనక గుమ్మం నుంచి అట్టపెట్టె పంపితే దాన్ని కొరత అనరు, దాచడం అంటారు. బస్సెక్కి ఊరవతల నుంచి వచ్చి, రెండు మూడు షాపులు తిరిగి, ఉత్త చేతులతో వెళ్లే వాళ్లకు పోయేది ఆ రోజు కూలి.

3. లోపల ఏముందో తెలియని పెట్టె.

అసలు కంపెనీ ఈ బొమ్మల్ని మూసిన పెట్టెల్లో అమ్ముతుంది. ఏ రంగు వస్తుందో తెలియదు. ఒక్కో సిరీస్‌లో అరుదుగా పెట్టే రహస్య బొమ్మ దొరికే అవకాశం 72 పెట్టెలకు ఒకటి అని వాళ్లే రాస్తారు. కనీసం రాస్తారు. ఇక్కడ అమ్ముతున్న నకళ్లకు ఆ లెక్క కూడా లేదు. అసలు ఆ రహస్య బొమ్మ కార్టన్‌లో ఉందో లేదో అమ్మేవాడికే తెలియదు. అయినా "గోల్డు రావచ్చు చిన్నా, ఇంకోటి తీస్కో" అని ఆరో తరగతి పిల్లాడికి చెబుతున్నారు. పెద్దవాళ్లు డబ్బు పెట్టి పేక ముక్క పట్టుకుంటే స్టేషనుకు తీసుకెళ్లే రాష్ట్రంలో, పిల్లాడి చేత రోజుకో పెట్టె చింపించడం ఏం వ్యాపారమో మీరే చెప్పాలి.

4. ప్రాణం మీదకి వచ్చే సంగతి.

ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది నా పని మాట కూడా.

మా చెల్లెలి కూతురి బొమ్మ కన్ను ఊడిపోతే అతికించమని నా దగ్గరికి తెచ్చింది. చూస్తే అది ఊడడంలో వింత లేదు. కన్ను ముఖానికి బిగించి లేదు, ఒక చుక్క జిగురు మీద నిలబెట్టారు. మెడ దగ్గర కుట్టు ఒంటి దారం, అదీ కుట్టుకీ కుట్టుకీ మధ్య వేలి గోరు దూరేంత దూరం. చివర ముడి లేదు, దారం లాగితే లాగినంత వచ్చింది. లోపల దూది అనుకున్నాను. విప్పితే రంగురంగుల గుడ్డ పీలికలు, స్పాంజి తుక్కు, మా మిషను కింద ఊడ్చి పారేసే చెత్త లాంటిది. బొచ్చు పట్టి లాగితే కుచ్చులు కుచ్చులుగా చేతికొచ్చింది. అసలు లబూబుకు పళ్లు తొమ్మిది ఉంటాయట. దీనికి పదకొండు ఉన్నాయి. పళ్లు ఎక్కువైతే నాకేం బాధ లేదు. ఆ ఊడిన కన్ను మా చెల్లెలి రెండో వాడి నోట్లో దొరికింది. వాడికింకా రెండేళ్లు నిండలేదు. సమయానికి వాళ్ల నాయనమ్మ చూసింది కాబట్టి సరిపోయింది.

2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంస్థ ఈ నకిలీ లబూబుల గురించే హెచ్చరిక ఇచ్చింది. సులువుగా విడిపోతున్నాయి, ఊడిన ముక్కలు చిన్నపిల్లల గొంతులో అడ్డుపడి ప్రాణం తీయొచ్చు, వాడొద్దు అని. అక్కడ వాటిని లఫూఫు అని పిలుస్తున్నారు. మన దగ్గర వాటిని "ఫస్ట్ కాపీ" అని గొప్పగా అమ్ముతున్నారు.

ఇదేదో అమెరికా వాళ్ల సుకుమారం అనుకోవద్దు. మన దేశంలోనే 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మ ఏదైనా ఐఎస్ఐ ముద్ర లేకుండా తయారు చేయకూడదు, దిగుమతి చేయకూడదు, అమ్మకూడదు. కరెంటుతోనో బ్యాటరీతోనో నడవనివాటికి ఐఎస్ 9873, నడిచేవాటికి ఐఎస్ 15644 ప్రమాణం. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకైతే ఒక పరీక్ష ఉంటుంది. 3 సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పున్న ఒక గొట్టం పెడతారు. పసిపిల్లల గొంతు కొలత అది. బొమ్మలోంచి ఊడిన ముక్క ఆ గొట్టంలో పడిందంటే బొమ్మ పనికిరాదు. మా వాడి నోట్లో దొరికిన కన్ను ఆ గొట్టంలో మూడు పడతాయి.

ఐఎస్ఐ ముద్ర ఇచ్చే కేంద్ర సంస్థ పేరు బీఐఎస్. ముద్ర లేని బొమ్మ అమ్మితే బీఐఎస్ చట్టం, 2016 ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఊరికే కాగితం మీద ఉన్న చట్టం కాదు. 2023 జనవరిలో పెద్ద నగరాల మాల్స్‌లో, విమానాశ్రయాల్లో ఉన్న పేరున్న దుకాణాల్లోనే నెల రోజుల్లో 18,600 బొమ్మలు పట్టుకున్నట్టు బీఐఎస్ ప్రకటించింది.

మెరిసే కళ్లు, పాడే పొట్ట ఉన్న రకాల గురించి కూడా ఒక మాట. వాటిలో ఉండేది గుండ్రటి బిళ్ల బ్యాటరీ. స్క్రూ లేకుండా ఊరికే మూత నొక్కి పెట్టినవి చూశాను. ఆ బిళ్ల పిల్లాడు మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలడం మొదలవుతుంది. పైకి ఏ గాయమూ కనపడదు, జలుబు చేసిందేమో అనుకుంటాం. ఇలాంటి బొమ్మ ఏడాదిలోపు పిల్లలున్న ఇంటికి ఇస్తున్నామా అని మీ కౌంటర్లో ఎవరైనా అడిగారా?

మధ్యలో వాట్సాప్‌లో ఇది దెయ్యం బొమ్మ అని, ఏదో పాతకాలపు భూతం పేరు చెప్పి వీడియోలు తిరిగాయి. మా వీధిలో ఒకావిడ భయపడి బొమ్మను కృష్ణలో కలిపి వచ్చింది. దెయ్యానికి భయపడ్డ మనం ఊడే కన్నుకు భయపడలేదు.

5. బిల్లు.

బిల్లు అడిగితే చిన్న చీటీ మీద అంకె వేసిస్తారు. షాపు పేరుండదు, బొమ్మ పేరుండదు. బిల్లు ఇచ్చిన చోట కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చూడండి. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోననడమూ అంతే. బోర్డు పెట్టినంత మాత్రాన చట్టం మారదు.

బట్టల షాపులో పనిచేసే ఒకమ్మాయి దీపావళికి జీతంలో అడ్వాన్సు తీసుకుని కొడుక్కి కొన్నది. తల పక్కకు వేలాడిపోతే మర్నాడే తీసుకెళ్లింది. "ఇది మా దగ్గర కొన్నదని గ్యారంటీ ఏంటి?" అన్నారట. ఏం చూపిస్తుంది? చీటీ మీద అంకె ఒక్కటే ఉంది. ఆ నెలంతా ఆమెకు జీతంలో కోత పడింది, బొమ్మ అటక మీదుంది.

6. తోపుడు బండ్ల వాళ్ల గురించి.

ఇలాంటి ఉత్తరం రాయగానే ఏం జరుగుతుందో నాకు తెలుసు. తనిఖీలంటూ వచ్చి, బీసెంట్ రోడ్డులో గొడుగు కింద నాలుగు బొమ్మలు వేలాడదీసుకున్నవాడి సరుకు ఎత్తుకెళ్తారు. ఫొటో పేపర్లో వస్తుంది. మేం అడుగుతున్నది అది కాదు. వాడికి ఆ సరుకు ఆకాశం నుంచి ఊడిపడలేదు, గోడౌన్ నుంచే వచ్చింది. ఏ ఊరి నుంచి లారీలో వచ్చినా ఈ ఊళ్లో దించుకుని, బిల్లు లేకుండా విడదీసి అమ్మింది పెద్దవాళ్లే. బండివాడికి అమ్మేటప్పుడే ముద్ర ఉన్న సరుకు ఇస్తే వాడూ బతుకుతాడు.

7. కొండపల్లి మాట.

"అయితే కొండపల్లి బొమ్మ కొనుక్కోండమ్మా, మన ఊరి పక్కదే కదా" అని మీలో ఒకాయన అన్నారు. మా ఇంట్లో ఉన్నాయి, బొమ్మల కొలువులో ప్రతి సంక్రాంతికీ పెడతాం. తెల్లపొణికి చెక్కతో చేసిన ఆ అంబారీ ఏనుగు ఎంత ముద్దుగా ఉన్నా, తొమ్మిదేళ్ల పిల్ల స్కూలు బ్యాగుకు తగిలించుకుని వెళ్లదు. తోటి పిల్లలందరి దగ్గరా ఉన్నదే కావాలంటుంది, అది ఆ వయసు. ఇంకో సంగతి, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు, నమోదైన హస్తకళాకారులు చేసినవాటికి ఐఎస్ఐ ముద్ర నుంచి కేంద్రం మినహాయింపు ఇచ్చింది. దాన్ని అడ్డం పెట్టుకుని మిషను మీద చేసిన ప్లాస్టిక్ సరుకును "చేతి పనండీ, దీనికి ముద్ర అక్కర్లేదు" అని అమ్మడం కొండపల్లి వాళ్ల పొట్ట కొట్టడం కూడా.

పిల్లలకు మేం చెప్పుకోవాల్సింది మేం చెప్పుకుంటున్నాం. ఫోను తీసేసుకుంటున్నాం, "వద్దు" అంటున్నాం, తిట్లు తింటున్నాం. స్కూళ్లలో రిటర్న్ గిఫ్టులుగా వీటిని పంచొద్దని ప్రిన్సిపాళ్లనూ అడుగుతున్నాం. "నీది ఒరిజినలా, డూపా" అని అడిగి పక్కన కూర్చోనివ్వని పిల్లలున్నారు, ఆ పంచాయితీ మాది, మీ నెత్తిన పెట్టం.

మీ వంతుగా మేం అడుగుతున్నవి ఇవి:

1. ఐఎస్ఐ ముద్ర, లైసెన్సు నంబరు లేని బొమ్మను కౌంటర్ మీద నుంచే కాదు, గోడౌన్ నుంచి కూడా తీసేయండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూసుకునేలా ప్రతి షాపులో ఒక కాగితం అంటించండి.

2. ఎమ్మార్పీ మీద వేసిన రెండో స్టిక్కర్లన్నీ పీకేయండి. దసరా నుంచి ఎక్కువ తీసుకున్న తేడా, పెట్టె చూపించినవాళ్లకు తిరిగివ్వండి. ముఖాలు మీకూ గుర్తే.

3. పండగ సీజన్‌లో మోజు బొమ్మ మనిషికి ఒకటి, మహా అయితే రెండు. అట్టపెట్టె లెక్కన బయటివాళ్లకు అమ్మకం ఆపండి. స్టాకు ఎంతుందో పొద్దున్నే షాపు ముందు రాయండి, ఊరవతల నుంచి వచ్చేవాళ్లకు బస్సు చార్జీ అయినా మిగులుతుంది.

4. మూసిన పెట్టెల్లో ఏమేం ఉన్నాయో, ఏది ఎన్నింటికి ఒకటో రాసి లేకపోతే అవి పిల్లలకు అమ్మొద్దు. పెద్దవాళ్లు పక్కన లేని పిల్లాడికి అసలు అమ్మొద్దు.

5. అడగకుండానే బిల్లు ఇవ్వండి. షాపు పేరు, బొమ్మ పేరు, ధర. "వాపసు తీసుకోబడదు" బోర్డులు దించండి.

6. బిళ్ల బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మలు, ముక్కలు ఊడే బొమ్మలు ఇప్పటిదాకా అమ్మినవి వెనక్కి తీసుకోండి. బిల్లు లేదని తిప్పి పంపొద్దు, బిల్లు ఇవ్వనిది మీరే కదా.

7. తోపుడు బండ్ల వాళ్లకు ఇచ్చే సరుకుకూ ఇవే షరతులు.

డిసెంబరు 24 జాతీయ వినియోగదారుల దినోత్సవం. ఆ రోజు సాయంత్రంలోపు మీ పెద్దలు మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాలని కోరుతున్నాం. ఈసారి టీ మేమే ఇప్పిస్తాం. పిలవకపోతే 26న ఉదయం నుంచి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్లు చేయడం మొదలుపెడతాం. పెట్టెలు, స్టిక్కర్లు, చీటీలు, ఊడిన కళ్లు అన్నీ ఇంటి పేర్లతో సహా కవర్లలో వేసి దాచాం. అవి తూనికలు కొలతల శాఖకు, బీఐఎస్‌కు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాయి. కమిషన్‌లో 5 లక్షల లోపు కేసులకు ఫీజు లేదని, లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చని తెలుసుకున్నాం. రాయడం రాని వాళ్లకు మా పెద్దమ్మాయి రాసిపెడుతోంది.

దసరాకు ముందు అడగ్గానే ఐఎస్ఐ లేని సరుకు తీసేసిన షాపులు రెండు ఉన్నాయి. వాళ్ల అమ్మకాలు తగ్గలేదని వాళ్లే చెప్పారు. కావాలంటే వాళ్లను అడగండి.

ఇట్లు,
కృష్ణలంక, రాణిగారితోట తల్లుల తరఫున,
ఒక కుట్టుపని మనిషి,
విజయవాడ